కుక్కకి లింఫోమా అని తేలితే: శాంపిల్ నుంచి చివరి కీమో డోస్ దాకా ఇంట్లో మనం చెయ్యాల్సినవి

మా కుక్క లడ్డుకి లింఫోమా (లింఫ్ గ్రంథులకి వచ్చే క్యాన్సర్) అని కీమో చేయించామని తెలిసినప్పటి నుంచి "మావాడికి కూడా బిళ్ళలు (గ్రంథులు ఉబ్బిన గడ్డలు) కట్టాయి, ఇప్పుడేం చెయ్యాలి" అని అడిగేవాళ్ళు ఆగట్లేదు. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్తాను, పెట్టేశాక అయ్యో ముఖ్యమైంది చెప్పనేలేదే అని గుర్తొస్తుంది. అందుకే ఒక వరసలో రాసి పెడుతున్నా.

ముందే ఒక మాట. మందు ఎక్కించేది డాక్టర్ గారు, అది వారానికి ఓ గంట పని. మిగతా వారమంతా వాడు ఉండేది మీ దగ్గరే. జ్వరం కనిపెట్టేది, తినిపించేది, రాత్రి రెండింటికి లేచి బయటికి తీసుకెళ్ళేది మీరే. ఇది ఆ మీ వంతు పని గురించి. ఏ మందు, ఎంత డోస్ అన్నది మాత్రం పూర్తిగా డాక్టర్ గారిదే.

1. బిళ్ళలు ఎక్కడున్నాయో చేత్తో చూడండి

కుక్కల్లో ఎక్కువగా వచ్చే లింఫోమా ఒళ్ళంతా లింఫ్ గ్రంథులు ఉబ్బే రకం. నొప్పి ఉండదు, అందుకే చాలా కుక్కలు మామూలుగా తింటూ ఆడుతూనే ఉంటాయి, మనకి తెలీదు. లడ్డుకి మెడబెల్టు ఎప్పుడూ పెట్టే రంధ్రంలో బిగుతుగా అనిపిస్తే లావెక్కాడేమో అనుకుని ఒక రంధ్రం వదులు చేశాను. రెండ్రోజుల తర్వాత గడ్డం కింద గోకుతుంటే రెండు పక్కలా ఉసిరికాయంత, గట్టిగా, వేలికి జారుతూ తగిలాయి.

చూడాల్సిన చోట్లు:

- దవడ కింద రెండు పక్కలా
- మెడ, భుజం కలిసే చోట ముందువైపు
- చంకల్లో, గజ్జల్లో
- వెనక కాళ్ళ మోకాళ్ళ వెనక భాగంలో

ఒక్కచోటే ఉంటే పంటి చీము, చెవి ఇన్‌ఫెక్షన్ లాంటివి కూడా కారణం కావచ్చు. రెండు మూడు చోట్ల ఒకేసారి ఉబ్బితే మాత్రం వచ్చే ఆదివారం దాకా ఆగొద్దు. నీళ్ళు విపరీతంగా తాగుతూ, మాటిమాటికీ యూరిన్‌కి వెళ్తూ, నీరసంగా ఉంటే అదే రోజు వెళ్ళండి, రక్తంలో కాల్షియం పెరిగి ఉండొచ్చు, అది కిడ్నీల్ని దెబ్బ తీస్తుంది.

2. శాంపిల్ తియ్యకముందు స్టెరాయిడ్ పడకుండా చూసుకోండి

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

మేం మొదట వెళ్ళిన చోట చూసి, ఇన్‌ఫెక్షన్ అయ్యుంటుంది అని ఒక ఇంజెక్షన్ చేశారు. మూడు రోజుల్లో బిళ్ళలు సగానికి తగ్గిపోయాయి, మేం పండగ చేసుకున్నాం. పది రోజులకి అంతకంటే పెద్దవై తిరిగొచ్చాయి. ఆ ఇంజెక్షన్ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ అని తర్వాత చీటీ చూస్తే తెలిసింది.

స్టెరాయిడ్ లింఫోమా కణాల్ని కొంతకాలం చంపుతుంది. దాంతో శాంపిల్‌లో రోగం సరిగ్గా కనపడకపోవచ్చు. అంతకంటే నష్టం ఏంటంటే కొన్నాళ్ళు స్టెరాయిడ్ ఒక్కటే వాడితే మిగిలిన కణాలు మొండికెత్తుతాయి, తర్వాత ఇచ్చే కీమో మందులు కూడా సరిగ్గా పనిచెయ్యవు. కాబట్టి ఏ ఇంజెక్షన్ చేస్తున్నా "డాక్టర్ గారూ, ఇందులో స్టెరాయిడ్ ఉందా అండీ? ముందు సూది శాంపిల్ తీద్దామా?" అని అడగండి, అందులో మొహమాటపడాల్సిందేం లేదు. ఇప్పటికే పడిపోయి ఉంటే దాచకండి, తేదీతో సహా చెప్పండి.

3. టెస్టులు: ఏవి, ఏ వరసలో

మొదటిది బిళ్ళలో సన్న సూది పెట్టి కణాలు తీసి స్లైడ్ మీద చూడటం, ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. మత్తు కూడా అక్కర్లేదు. దవడ కింద దానికంటే మోకాలి వెనకదో భుజం ముందుదో మంచిది, ఎందుకంటే దవడ కింద గ్రంథులు పళ్ళ గొడవకి కూడా ఉబ్బి ఉంటాయి. తేలకపోతే బయాప్సీ.

మన ఊళ్ళలో పిడుదుల జ్వరం (ఎర్లీకియా) చాలా ఎక్కువ, అందులో కూడా గ్రంథులు ఉబ్బుతాయి, జ్వరం వస్తుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. దాంతో చాలామందికి ముందు ఆ మందే పెట్టి రెండు మూడు వారాలు చూద్దాం అంటారు. అలా వరసలో కాకుండా పిడుదుల జ్వరం టెస్టు, ఎఫ్‌ఎన్‌ఏసీ రెండూ ఒకే రోజు చేయించండి. వైద్యం లేకుండా ఈ లింఫోమాతో చాలా కుక్కలు బతికేది నాలుగు నుంచి ఆరు వారాలే, అందులో మూడు వారాలు ఎదురుచూపులకే పోకూడదు.

తర్వాత చేయించేవి:

- సీబీసీ (రక్తకణాల లెక్క), లివర్, కిడ్నీ, కాల్షియం
- యూరిన్ టెస్ట్
- ఛాతీ ఎక్స్‌రే, కడుపు స్కానింగ్
- లింఫోమా ఏ రకం తెల్లకణాలది, బీ సెల్లా టీ సెల్లా అని తేల్చే టెస్ట్ (బయాప్సీ ముక్క మీదో, ఫ్లో సైటోమెట్రీ ద్వారానో)
- డాక్సోరుబిసిన్ ఇవ్వబోతుంటే గుండె ఎకో, ముఖ్యంగా డాబర్‌మన్, బాక్సర్ జాతులకి
- కోలీ, షెల్టీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ లాంటి జాతులైతే ఎండీఆర్1 జీన్ టెస్ట్. ఆ జీన్‌లో లోపం ఉంటే కొన్ని కీమో మందుల మామూలు డోసే విషమవుతుంది

బీ, టీ తేడా ఎందుకంటే మామూలుగా బీ రకం మందుకి బాగా లొంగుతుంది, టీ రకం తొందరగా తిరగబెడుతుంది. డబ్బులు చాలక ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తే డాక్టర్ గారితో కూర్చుని ఏది వదలొచ్చో అడగండి, మీ అంతట మీరు రక్త పరీక్ష వదిలెయ్యొద్దు.

4. ఏ దారిలో వెళ్ళాలో నిర్ణయించుకోవడం

కుక్కకిచ్చే కీమో మనుషులకిచ్చే కీమో లాంటిది కాదు. డోస్ తక్కువ, ఉద్దేశం వేరు. రోగాన్ని పూర్తిగా తీసెయ్యడం అరుదు, మంచిగా గడిచే నెలలు సంపాదించడమే లక్ష్యం. ఆస్పత్రిలో పడుకోబెట్టాల్సినంత ఇబ్బంది కొద్ది కుక్కలకే వస్తుంది.

- చాప్ ప్రోటోకాల్: విన్‌క్రిస్టిన్, సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరుబిసిన్, ప్రెడ్నిసోలోన్ (ఇది స్టెరాయిడ్) కలిపి. ఎక్కువగా వాడే పద్ధతి 19 నుంచి 25 వారాలు. నూటికి ఎనభై, తొంభై కుక్కల్లో బిళ్ళలు కరుగుతాయి. బీ రకంలో సగటున ఏడాది, టీ రకంలో ఆరు నుంచి తొమ్మిది నెలలు బతుకుతాయి.
- డాక్సోరుబిసిన్ ఒక్కటే: మూడు వారాలకొకసారి, ఐదు డోసులు. రాకపోకలు తక్కువ.
- ప్రెడ్నిసోలోన్ ఒక్కటే: ఖర్చు చాలా తక్కువ, నెల నుంచి రెండు మూడు నెలలు హాయిగా ఉంచుతుంది.

మూడోది ఎంచుకున్నవాళ్ళు తమ కుక్కని ప్రేమించట్లేదని ఎవరైనా అంటే వాళ్ళ మాట వినకండి. వయసు, గుండె, మీ జీతం, ఊరికీ ఆస్పత్రికీ దూరం, అన్నీ లెక్కలోకొస్తాయి. కానీ ప్రెడ్నిసోలోన్‌తో మొదలుపెట్టి రెండు నెలల తర్వాత చాప్‌కి మారదాం అనుకోవద్దు, కారణం రెండో అంకెలో చెప్పేశా.

ఎక్కడ అంటే, విన్‌క్రిస్టిన్ మన దగ్గర వెటర్నరీ డాక్టర్లకి కొత్త మందేం కాదు, వీధికుక్కల్లో వచ్చే టీవీటీ (మర్మావయవాల దగ్గర వచ్చే అంటు గడ్డ) కి వాడేది అదే. మిగతా మందులు మనుషుల క్యాన్సర్ మందుల షాపుల్లో దొరుకుతాయి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆస్పత్రులకి, చెన్నై దగ్గరైతే వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీకి ముందే ఫోన్ చేసి, మొత్తం ప్రోటోకాల్ చేస్తారా, ఏ రోజుల్లో చేస్తారు అని కనుక్కుని వెళ్ళండి. అమెరికాలో ఉన్నవాళ్ళు మామూలు వెట్ దగ్గర ఆగకుండా వెటర్నరీ ఆంకాలజిస్ట్‌కి రిఫరల్ అడగండి, అపాయింట్‌మెంట్ ఆలస్యమయ్యేలా ఉంటే అప్పటిదాకా ప్రెడ్నిసోలోన్ ఇవ్వాలా వద్దా అని వాళ్ళనే అడగండి.

ఖర్చు కుక్క బరువుని బట్టి మారుతుంది. మందు ఒక్కటే కాదు, ప్రతి డోస్ ముందు రక్తపరీక్ష, సెలైన్, వాంతుల మందులు, రాకపోకలు కూడా కలిపి కాగితం మీద రాయించుకోండి. అనుకోకుండా ఒకసారి ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే ఎంతవుతుందో అది కూడా రాయించండి.

5. మొదటి డోస్‌కి ముందు ఇంట్లో సిద్ధం చెయ్యాల్సినవి

- డిజిటల్ థర్మామీటర్ (వాడికి వేరే, మీది వేరే), వ్యాసెలిన్
- డిస్పోజబుల్ గ్లవ్స్ రెండు డబ్బాలు
- వాంతులకి, విరేచనాలకి డాక్టర్ గారు రాసిన మందులు, ముందే కొని. వాంతులు మొదలయ్యాక రాత్రి పదకొండింటికి షాపు వెతకొద్దు
- రాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలి, తెరిచి ఉండే ఆస్పత్రి ఎక్కడ, అక్కడికి ఎంతసేపు పడుతుంది
- ఒక నోట్‌బుక్
- పాత దుప్పట్లు, విడిగా ఉతకడానికి
- పిడుదుల మందు వేశామా లేదా, డాక్టర్ గారికి చూపించి

టీకాలు ఏవైనా డ్యూ ఉంటే మీ అంతట మీరు వేయించొద్దు, రేబిస్‌తో సహా ఎప్పుడు వెయ్యాలో ముందే అడగండి.

నోట్‌బుక్‌లో రోజుకో లైన్: తేదీ, డోస్ తర్వాత ఎన్నో రోజు, టెంపరేచర్, తిన్నది, వాంతి, మోషన్, బిళ్ళల సైజు. సైజు మేం రేగిపండు, ఉసిరికాయ, నిమ్మకాయ అని రాసేవాళ్ళం, ప్రతి ఆదివారం ఒక్కరే చూడాలి, రోజుకొకరు చూస్తే రోజుకో మాట వస్తుంది. మూడో నెలలో డాక్టర్ గారు మా నోట్‌బుక్ చూసే డోస్ తగ్గించారు, ఎందుకంటే ప్రతి డాక్సోరుబిసిన్ తర్వాత మూడో రోజే వాంతులు అని అందులో వరసగా ఉంది, నోటితో అడిగితే నేనేదో అప్పుడప్పుడు అండీ అనేసేదాన్ని.

6. డోస్ రోజు

పొద్దున్నే కొంచెం తినిపించండి, ఖాళీ కడుపు కావాలంటే వాళ్ళే చెప్తారు. బరువు ప్రతిసారీ తూయించండి, పాత బరువుతో డోస్ వెయ్యనివ్వద్దు. సీబీసీ రిపోర్ట్ వచ్చాకే మందు. న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) 1,500 కన్నా తక్కువుంటే చాలామంది డాక్టర్లు వారం వాయిదా వేస్తారు. వాయిదా పడితే గాభరా పడకండి, మా 19 వారాలు 22 అయ్యాయి.

విన్‌క్రిస్టిన్, డాక్సోరుబిసిన్ రక్తనాళం బయటికి కారితే చర్మం, కండ కుళ్ళిపోతాయి. అందుకే కొత్తగా, ఒకే పోటుకి పెట్టిన క్యాన్యులా (రక్తనాళంలో పెట్టే సన్న గొట్టం) కావాలి, పొద్దున రక్తం తీసిన చోటే కాదు. కుక్క కదలకుండా పట్టుకోవడం ఇక్కడ నిజంగా పెద్ద పని. ఇంటికొచ్చాక ఆ కాలు వాడు అదేపనిగా నాకుతున్నా, ఎర్రగా వాచినా వెంటనే ఫోన్ చెయ్యండి, తెల్లారనివ్వద్దు.

7. డోస్ తర్వాత వారం, రోజు వారీగా

మొదటి రోజు: అలసట, కొంచెం తక్కువ తినడం. డాక్సోరుబిసిన్ ఎర్ర మందు, ఒక రోజు యూరిన్ నారింజ రంగులో రావచ్చు, అది రక్తం కాదు.

2 నుంచి 5 రోజులు: వాంతులు, విరేచనాలు వస్తే ఎక్కువగా ఇప్పుడే. ఒకటి రెండుసార్లు వాంతి అయ్యి నీళ్ళు నిలుస్తుంటే రాసిచ్చిన మందు (మారోపిటెంట్ గానీ ఒండాన్‌సెట్రాన్ గానీ) చెప్పిన డోస్‌లో ఇచ్చి, కొంచెం కొంచెంగా తినిపించండి. నీళ్ళు కూడా నిలవకపోతే, మోషన్‌లో రక్తం పడితే, ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే ఆస్పత్రికి.

5 నుంచి 10 రోజులు: తెల్లకణాలు అట్టడుగుకి వెళ్ళే సమయం. పైకి కుక్క బాగానే ఉంటుంది, అందుకే మనం ఏమరుస్తాం. రోజూ ఉదయం, సాయంత్రం టెంపరేచర్ చూడండి. థర్మామీటర్ కొనకి వ్యాసెలిన్ రాసి, తోక పక్కకి పట్టుకుని మలద్వారంలో ఓ అంగుళం లోపలికి. లడ్డు మొదట్లో కూర్చుండిపోయేవాడు, మా అమ్మ ముందు నిలబడి చేతిలో ఉడికిన చికెన్ ముక్క పట్టుకుంటే బీప్ అనేదాకా కదలకుండా ఆ ముక్క వైపే చూసేవాడు.

- 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్: మామూలు
- 102.5 దాటితే: గంటకి మళ్ళీ చూడాలి (ఆడి వచ్చినా, ఎండలో తిరిగినా పెరుగుతుంది)
- 103 దాటితే: అర్ధరాత్రయినా ఫోన్, ఆస్పత్రి

పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, ఇంట్లో మిగిలిన మెలోక్సికామ్, ఏదీ ఇవ్వొద్దు. ప్రెడ్నిసోలోన్‌తో నొప్పి మందులు కలిస్తే కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది, పైగా జ్వరం కప్పేస్తే అసలు ఇన్‌ఫెక్షన్ లోపల ముదిరిపోతుంది. చిగుళ్ళు పాలిపోవడం, ఒళ్ళు వేలాడేసి పడుకోవడం కూడా జ్వరంతో సమానంగా చూడండి.

ఈ రోజుల్లో పార్కుకి, పెట్ బోర్డింగ్‌కి, వేరే కుక్కలున్న చోటికి వద్దు. ఎండాకాలమైతే పొద్దున ఆరులోపు ఓ చిన్న నడక, అంతే.

8. సైక్లోఫాస్ఫమైడ్, ప్రెడ్నిసోలోన్ గురించి విడిగా

సైక్లోఫాస్ఫమైడ్ యూరిన్ సంచిని కాల్చినట్టు చేస్తుంది. అది ఇచ్చే రోజు పొద్దున్నే ఇవ్వమని అడగండి, నీళ్ళు బాగా తాగించండి (నీళ్ళలో ఉప్పు, కారం, ఉల్లి లేని చికెన్ ఉడికించిన నీళ్ళు కొంచెం కలిపితే గిన్నె ఖాళీ అవుతుంది), రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్ళండి, రాత్రి కూడా ఒకసారి. ముక్కుతూ చుక్కలు చుక్కలుగా పోస్తున్నా, ఎర్రగా వచ్చినా ఆ మందు ఆపాలి, డాక్టర్ గారికి చెప్పండి. ట్యాబ్లెట్ విరగ్గొట్టడం, పొడి చెయ్యడం అస్సలు వద్దు.

ప్రెడ్నిసోలోన్‌తో ఆకలి, దాహం, ఒగర్పు పెరుగుతాయి. ఇంట్లో యూరిన్ పోసేస్తే తిట్టకండి, ఆపుకోలేడు. తిండితో పాటు ఇవ్వండి. డోస్ వారవారం తగ్గించుకుంటూ వస్తారు, బాగున్నాడు కదా అని మధ్యలో మీరే ఆపెయ్యొద్దు.

9. తిండి

పచ్చి మాంసం, పచ్చి గుడ్డు, షాపు నుంచి తెచ్చిన పచ్చి ఎముకలు పూర్తిగా బంద్, తెల్లకణాలు లేని ఒంటికి ఆ బ్యాక్టీరియా చాలు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ ఎలాగూ కుక్కలకి విషం. మన కోడికూర పులుసు కలిపి పెట్టడం కూడా అందులోకే వస్తుంది.

తినని రోజుల్లో మాకు పనిచేసినవి: చికెన్ బ్రెస్ట్ మెత్తగా ఉడికించి అన్నంలో పిసికి గోరువెచ్చగా (వాసన రావాలి), ఉడికిన గుడ్డు, ఉడికించిన గుమ్మడికాయ ముద్ద, పలచటి పెరుగన్నం. చల్లారిన తిండి వాసన చూసి తల తిప్పేసుకునేవాడు, అదే గిన్నె వేణ్ణీళ్ళలో పెట్టి ఇస్తే తినేవాడు. ఒకటి మాత్రం చెయ్యొద్దు, నోరు తెరిచి కుక్కడం. వికారంగా ఉన్నప్పుడు బలవంతంగా పెట్టిన తిండి మీద జన్మలో మళ్ళీ ఇష్టం పుట్టదు.

బొప్పాయి ఆకు రసం, పసుపు క్యాప్సూల్స్, ఆయుర్వేదం టానిక్కులు, యాంటీఆక్సిడెంట్ పొడులు ఎవరు చెప్పినా డాక్టర్ గారిని అడక్కుండా మొదలుపెట్టకండి.

10. శుభ్రం చెయ్యడం

డోస్ తర్వాత కనీసం మూడు రోజులు యూరిన్, మలం, వాంతిలో మందు ఉంటుంది. గ్లవ్స్ వేసుకుని తియ్యండి, రెండు కవర్లలో కట్టండి, నేల సబ్బునీళ్ళతో కడగండి, దుప్పట్లు విడిగా ఉతకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు ఈ పని చెయ్యకూడదు, ట్యాబ్లెట్లూ ముట్టుకోకూడదు. పనమ్మాయికి కూడా ఈ సంగతి చెప్పి గ్లవ్స్ ఇవ్వండి, చాలామంది ఇది మర్చిపోతారు. నిమరడం, పక్కన పడుకోబెట్టుకోవడం మానక్కర్లేదు, చేతులు కడుక్కుంటే చాలు. లింఫోమా మనకీ, వేరే కుక్కకీ అంటదు.

11. ఎక్కువగా జరిగే తప్పులు, దిద్దుకోవడం

మొదటి డోస్‌కే బిళ్ళలు కరిగిపోతే తగ్గిపోయింది అనుకుని మానేస్తారు. కరిగితే రోగం కంటికి కనపడనంత తగ్గిందని అర్థం, పోయిందని కాదు. మధ్యలో ఆపేశారా, సిగ్గుపడకుండా వెళ్ళి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో అడగండి.

డోస్ తేదీ గుర్తుంటుంది గానీ తెల్లకణాలు ఎంత పడ్డాయో చూసే ఏడో రోజు సీబీసీ మర్చిపోతారు. ఫోన్లో రెండింటికీ అలారం పెట్టండి.

జుట్టు రాలితే భయపడతారు. చాలా జాతులకి పెద్దగా రాలదు, పూడిల్, షీట్జు, లాసా లాంటి ఎప్పుడూ పెరిగే జుట్టున్న వాటికి ఎక్కువ, మీసాలు అందరికీ పోవచ్చు. మందు అయ్యాక వస్తుంది.

రెండు ఆస్పత్రులకి తిరిగి ఒకరి మందు ఒకరికి చెప్పరు. డాక్సోరుబిసిన్ మొత్తం ఎంత పడిందో లెక్క చాలా ముఖ్యం, జీవితకాలం మొత్తానికి ఒక పరిమితి దాటితే గుండె దెబ్బతింటుంది. అన్ని చీటీలూ ఒకే ఫైల్‌లో, అదే ప్రతిసారీ చేతిలో.

12. తిరగబెట్టినప్పుడు

చాలా కుక్కల్లో తిరగబెడుతుంది, ఇది ముందే తెలుసుకోవడం మంచిది. ప్రోటోకాల్ అయ్యాక నెలనెలా చెకప్, ఆదివారం బిళ్ళలు చూడటం మాత్రం ఆపొద్దు. చాలా నెలల తర్వాత తిరిగొస్తే అదే చాప్ మళ్ళీ పనిచెయ్యొచ్చు. తొందరగా వస్తే లోముస్టిన్ లాంటి వేరే మందులు, అమెరికాలో అయితే ఎఫ్‌డీఏ 2021లో ఆమోదించిన రాబాక్ఫోసాడిన్ గురించి కూడా అడగండి. రెండోసారి వచ్చే మంచికాలం మామూలుగా మొదటిదానికంటే చిన్నది.

వాడు బాగున్న రోజుల్లోనే కూర్చుని, వాడికి బాగా ఇష్టమైన మూడు పనులు నోట్‌బుక్ చివరి పేజీలో రాయండి. లడ్డువి: గేటు చప్పుడుకి పరిగెత్తడం, నాన్న చెప్పు ఎత్తుకెళ్ళడం, పెరుగన్నం. వాటిలో రెండు మానేసినప్పుడు వాణ్ణి సాగనంపడం గురించి మాట్లాడుకుందాం అని ఇంట్లో అందరం ముందే ఒప్పుకున్నాం, ఆ వారం వచ్చినప్పుడు గొడవపడకుండా అదే మాకు సాయపడింది.

ముందే అడిగి పెట్టుకోవాల్సినవి:

- డాక్టర్ గారు ఇంటికొచ్చి నొప్పి లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చుతారా, ముందు మత్తు ఇస్తారా
- ఆదివారం, పండగ రోజుల్లో ఎవరు వస్తారు
- తర్వాత ఎక్కడ: సొంత స్థలంలోనా, దహనమా (హైదరాబాద్‌లో ఫతుల్లగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది)
- ఇంట్లో ఎవరు దగ్గరుంటారు, పిల్లలకి ఎవరు చెప్తారు

లడ్డు మొదటి డోస్ తర్వాత పదకొండు నెలలున్నాడు, అందులో తొమ్మిది నెలలు మామూలు కుక్కలాగే. చివరి రోజు డాక్టర్ గారు వచ్చినప్పుడు పెరట్లో జామచెట్టు కింద చాప వేశాం, వాడు రోజూ మధ్యాహ్నం పడుకునే చోటది, మా అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు. మత్తు ఇంజెక్షన్ పనిచెయ్యడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ నిమిషాల్లో చెవి వెనక నిమురుతూ ఉండండి, మీ చెయ్యి అక్కడే ఉందని వాడికి తెలుస్తుంది.